జూలై పద్దు

మా ఇంటి సంవత్సరం జనవరిలో మొదలు కాదు, జూలైలో మొదలవుతుంది. మా నాన్నగారు పెందుర్తిలో దర్జీ. ఎన్.ఎ.డి. కొత్తరోడ్డు నుండి గోపాలపట్నం, వేపగుంటల మీదుగా పెందుర్తి వరకు అద్దె ఇండ్లలో కాపురముండే నావికులు కొందరు ఆయన వద్దనే యూనిఫారాలు కుట్టించుకొంటారు. ఎన్.ఎ.డి. అన్న ఆ మూడక్షరాలు నౌకాదళపు ఆయుధాగారమైన నావల్ ఆర్మమెంట్ డిపోవని, ఆ కూడలిలో రోజూ బస్సు మారే మనలో ఎందరికి తోచును? తూర్పు నౌకాదళ కమాండు 1968లో విశాఖలో ఏర్పడిన నాటినుండి ఈ ప్రాంతంలో తెల్లగుడ్డకు గిరాకీ ఉన్నది. మేమిద్దరం అక్కచెల్లెండ్రము, కళాశాలనుండి వచ్చిన తరువాత ఆ తెల్లగుడ్డకే గుండీలు, కాజాలు కుడుతూ పెరిగినాము.

సైనికునికి బట్టలు సర్కారే ఇచ్చునని చాలాకాలం మేమూ అనుకొన్నాము. అది కొంతవరకే నిజం. చేరిన కొత్తలో కిట్టు ఇస్తారు. ఆపైన చిరిగినదానికి, పొట్టియైనదానికి, ఉతుకుకు, ఇస్త్రీకి, బూట్లకు అతడే చూసుకోవలె. అందుకు కొంత సొమ్ము ముడుతుంది. పూర్వం ఆ సొమ్ముకు పేర్లు అనేకం: దుస్తుల భత్యం, కిట్టు నిర్వహణ భత్యం, ఉతుకు భత్యం, బూట్ల భత్యం. ఏడవ వేతన సంఘం సిఫారసులను అనుసరించి 2017 జూలై 1 నుండి వీటన్నిటినీ ఒకే డ్రెస్ అలవెన్సుగా కలిపివేసినారు. త్రివిధ దళాల అధికారులకు ఏడాదికి 20,000 రూపాయలు, అంతకు దిగువ హోదాల వారికి 10,000 రూపాయలు. ఏడాదికి ఒక్కసారి, జూలై జీతంతో. కరువు భత్యం 50 శాతం పెరిగినప్పుడెల్లా ఇది 25 శాతం పెరగవలెనని నియమం. 2024 జనవరిలో కరువు భత్యం 50 శాతానికి చేరగా ఆ మొత్తాలు 25,000, 12,500 అయినవి. నావికుని వాటాను దినాలకు పంచి చూసినాము: రోజుకు 34 రూపాయలు. మా వీధి ఇస్త్రీబండి వద్దనే అందులో మంచి భాగం పోవును. సియాచిన్ మంచులోను, జలాంతర్గామి లోపలను తొడిగే ప్రత్యేక దుస్తులు మాత్రం ఈ లెక్కలో చేరవు. వాటిని విడిగా ఇస్తారు. సముద్రపుటొడ్డున కుర్సురా జలాంతర్గామిలో దూరి చూచినవారికి ఆ ఇరుకులో మామూలు బట్ట ఎందుకు పనికిరాదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఉర్దూ చదివే మిత్రురాలొకతె మాకు ఒక సంగతి చెప్పినది. యూనిఫారాన్ని వారు వర్దీ అంటారట. ఖాకీ అన్నది ‘ఖాక్’ అనే ఫారసీ మాటనుండి వచ్చినదట. ఖాక్ అనగా దుమ్ము. 1846లో పెషావరులో హ్యారీ లంస్‌డెన్ నెలకొల్పిన గైడ్స్ దళం తొడిగిన ఆ దుమ్మురంగే పిమ్మట ప్రపంచపు సైన్యాలకు ప్రాకినది. నేలసైన్యం దుమ్ములో కలిసిపోయే రంగును ఎన్నుకొన్నది. నౌకాదళం దుమ్మును దాచని రంగును ఎన్నుకొన్నది. అదీ ఈ ఊళ్లో! రేవులో బొగ్గు దిగుతుంది, ఇనుప ఖనిజం ఎక్కుతుంది, గాలి తేమ. ఉదయం మల్లెపువ్వులాగ వెళ్లిన చొక్కా సాయంకాలానికి మెడపట్టీ వద్ద మసిపట్టి వస్తుంది. మురికికి అధికారి, నావికుడు అన్న భేదం లేదు. అధికారులకు దుస్తుల జాబితా పొడవని నాన్నగారంటారు. అయినను సరిగ్గా రెండింతలెందుకో మాకు నచ్చజెప్పలేకపోయినారు.

నెలనెలా కొంత ముట్టిన కాలంలో నావికులు నెలనెలా కొంత తీర్చేవారు. అంతా ఒక్కమారు రావడం మొదలైనప్పటినుండి ‘జూలైలో ఇస్తాను మాస్టర్‌జీ’ అన్నది మా దుకాణంలో నిత్యం వినవచ్చే మాట అయినది. మార్చినుండి జూన్‌దాకా గుడ్డ, దారం, గుండీలు అన్నీ నాన్నగారి పెట్టుబడి. నీలిరంగు అట్టల పుస్తకంలో పేరుకొక పుట.

2019 వేసవిలో ఒక నావికుడు మూడు జతలు కుట్టించుకొన్నాడు. గుడ్డతో కలిపి 4,200 రూపాయలు. జూన్‌లో బదిలీ వచ్చినది, చెప్పకుండా వెళ్లిపోయినాడు. జూలై గడిచినది. ఫోను మ్రోగేది, ఎత్తేవారు లేరు. ఆ ఏడు మా పుస్తకాలు సెప్టెంబరుదాకా రాలేదు; ప్రక్కింటి అమ్మాయివి రాత్రిపూట తెచ్చుకొని ప్రతి చేసుకొన్నాము. పై అధికారికి ఒక్క కార్డు వ్రాయండి నాన్నా, అని బతిమాలినాము.

‘కాగితం వెళ్లితే ఆ కుర్రవాని ఉద్యోగం మీద మచ్చ పడుతుందమ్మా. తెల్లబట్ట మీద మచ్చ సంగతి మనకు ఒకరు చెప్పవలెనా?’ అన్నారు.

అది మంచితనమా, మెత్తదనమా అన్న వాదం మా ఇద్దరికీ నేటికీ తేలలేదు. మా పుస్తకాల మాట ఆ కుర్రవానికి తెలియదుగదా అని ఒకరము, తెలియకపోవడమే తప్పని మరొకరము.

2024లో మా అన్నయ్య అగ్నివీరుడుగా చేరి ఒడిస్సాలోని ఐ.ఎన్.ఎస్. చిలకాలో శిక్షణ పొందినాడు. అగ్నివీరులకు నాలుగేండ్ల కొలువే అయినను ఈ దుస్తుల భత్యం వారికీ కలదు. సెలవుపై ఇంటికి వచ్చినప్పుడు సంచిలోని కిట్టు మంచంమీద పరచినాడు. బట్ట మంచిదే, కొలత ఎవరిదో! శిక్షణలో చిక్కినందున ప్యాంట్లు నడుమువద్ద జారుతున్నవి. అమ్మ కన్నీరు పెట్టుకొన్నది. నాన్నగారు మాట్లాడలేదు, టేపు తీసి మెడ, భుజం, నడుము, కాలు కొలిచినారు. ఉన్నవి సరిచేసి, పైన ఒక తెల్లజత కొత్తగా కుట్టినారు. అంచులు మేము కుట్టినాము.

అన్నయ్య బయలుదేరే రాత్రి ఆయన నీలి పుస్తకం తీసి కొత్త పుటలో వాని పేరు వ్రాసి, ఎదురుగా 1,400 అని వేసినారు. అమ్మ నిర్ఘాంతపోయినది.

‘ఇంటివానికి పద్దేమిటండీ?’

‘ఆ డబ్బు వాళ్లు బట్టకని ఇస్తారు. బట్టకే రావలె. జూలైలో పంపుతాడు.’

అన్నయ్య నవ్వి, ‘అలాగే మాస్టర్‌జీ’ అన్నాడు.

2025 జూలై జీతం పడిన సాయంకాలమే ఫోనులో 1,400 వచ్చినవి. నాన్నగారు ఆ పద్దుక్రింద ‘ముట్టినది’ అని వ్రాసినారు. తరువాత వెనుకకు కొన్ని పుటలు త్రిప్పి 2019 పద్దువద్ద కాసేపు ఆగి, పుస్తకం మూసినారు. దానిమీద ఆయన ఇంకా గీత కొట్టలేదు.