ఓరుగల్లులో చాయ్ తగ్గించిన కథ

హన్మకొండలో మా హాస్టల్ నుంచి లైబ్రరీకి పది నిమిషాల నడక. ఆ దారిలో చాయ్ బండ్లు ఏడు. గ్రూప్స్‌కి చదివేవాళ్లకి గడియారంతో పనిలేదు, ఏ బండి దగ్గర ఎంతమంది ఉన్నారో చూస్తే టైమ్ తెలిసిపోతుంది. నా లెక్క రోజుకి ఆరు చాయ్‌లు. అందులో రెండు అన్నం తిన్న చెయ్యి ఆరకముందే.

మా రూమ్మేట్ వాళ్లమ్మకి ఆపరేషన్ అన్నప్పుడు రక్తం ఇస్తానని అందరికంటే ముందు ఉరికింది నేనే. మా ఇద్దరిదీ ఒకటే గ్రూపు. వేలికి సూది గుచ్చి చూసి "మీది తీసుకోలేం మేడమ్" అన్నారు. రక్తం ఇవ్వాలంటే హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉండాలి. నాది 9.6. ఆ రోజు వేరే ఎవరో వచ్చి ఇచ్చారు. "నీకే ఎవరన్నా ఎక్కించాలె గదనే" అని మా రూమ్మేట్ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

డాక్టరమ్మ తిండి గురించి అడిగి, చాయ్ దగ్గర ఆగిపోయింది. చాయ్‌లో ఉండే టానిన్లు తిండిలోని ఐరన్‌ని పట్టుకుని ఒంటికి అందనివ్వవట. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లోనూ ఇదే ఉంది: తిండికి గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ వద్దు. ఒక కప్పు చాయ్‌లో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, రోజుకి 300 దాటొద్దు అని కూడా రాశారు. స్ట్రాంగ్ చాయ్ ఆరు కప్పులంటే నేను ఆ గీత ఎప్పుడో దాటేశాను. గ్రీన్ టీకి మారిపొమ్మని సలహా ఇచ్చిన ఫ్రెండ్స్‌కి ఒక మాట: అందులోనూ కెఫీన్ ఉంది, ఐరన్‌కి అడ్డం పడేవీ ఉన్నాయి.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని. రీల్స్ చూసి ఒక్క సోమవారం నుంచే చాయ్ బంద్, అన్నం బంద్, చక్కెర బంద్. కీరా ముక్కలు, మొలకలు. మంగళవారం మధ్యాహ్నానికి తల పగిలిపోతోంది. మెదడులో అడినోసిన్ అని ఒకటుంటుంది, అలసిపోయావు పడుకో అని చెప్పేది అదే. ఆర్టీసీ బస్సులో తువ్వాలేసి సీటు ఆపినట్టు, కెఫీన్ వచ్చి దాని సీటు ఆపేస్తుంది. ఒక్కసారిగా తువ్వాలు తీసేస్తే బయట నిలబడ్డవాళ్లంతా మీద పడతారు. అదే తలనొప్పి, అదే చిరాకు.

బుధవారం గాలి మార్పు కోసమని ఓరుగల్లు కోటకి తీసుకుపోయారు. అందరూ కీర్తి తోరణం దగ్గర సెల్ఫీలు దిగుతుంటే నేను నీడలో రాయి మీద తల పట్టుకుని కూర్చున్నా. సిలబస్‌లో చదివిన క్రీడాభిరామం గుర్తొచ్చింది. ఇద్దరు స్నేహితులు ఈ ఊరంతా తిరిగి, ఒక్క రూక ఇచ్చి పూటకూళ్లింట్లో తింటారు. సన్నబియ్యం అన్నం, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు. అప్పట్లో ఇక్కడ చాయ్ లేదు. ఇవాళ ఎనుమాముల మార్కెట్‌ని ఎర్రగా నింపే మిర్చి కూడా లేదు, అది పోర్చుగీసువాళ్లతో తర్వాత వచ్చింది. అయినా కోట కట్టారు కదా! నేను మాత్రం ఆ సాయంత్రమే చాయ్ తాగేశా.

తర్వాత బుద్ధిగా మొదలుపెట్టా. వారానికి ఒక చాయ్ తగ్గించుకుంటూ ఆరు నుంచి రెండుకి వచ్చా. ఆ రెండూ తిండికి గంట దూరంలోనే. పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడక, తర్వాత అంబలి. రాగిలో కాల్షియం ఎక్కువ, ఐరన్‌కైతే సజ్జలు మేలు అని తెలిశాక వారంలో నాలుగు రోజులు సజ్జరొట్టె, తోటకూర పప్పు. పైన నిమ్మకాయ పిండాలి, విటమిన్ సి ఉంటే ఐరన్ బాగా పడుతుంది. అన్నం మానలేదు. సర్వపిండి అసలే మానలేదు. ఐరన్ గోలీలు వాడుతూ మూడు నెలలకి చూపిస్తే 11.8 వచ్చింది. ఇంకా 12.5 కాలేదు.

అన్నిటికంటే కష్టమైంది బాపు దగ్గర. నెలకోసారి మహబూబాబాద్ నుంచి రైలెక్కి వస్తాడు. వరంగల్ స్టేషన్ బయటికి రాగానే రెండు చాయ్‌లు చెప్తాడు. మా ఇద్దరికీ మాటలు తక్కువ, ఉన్న నాలుగూ ఆ చాయ్ మీదే. మొన్న కూడా చెప్పబోతుంటే ఆపాను. "ఇప్పుడే గోలీ ఏసుకున్న బాపూ, గంట ఆగాలె."

"ఆగుదాం తియ్యి బిడ్డా. నాకేం తొందర" అని అక్కడే కూర్చుని సంచి విప్పాడు. జామపండ్లు, సజ్జపిండి. చేతిలో గ్లాసు లేకపోయేసరికి ఏం చేయాలో తెలియనట్టు కాసేపు చేతులు చూసుకున్నాడు. తర్వాత ఉన్నట్టుండి, "నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకు కూడ రెండు బాటిళ్ల రక్తం ఎక్కించిన్రు" అన్నాడు. నాకు ఇరవై నాలుగేళ్లు, ఎప్పుడూ వినలేదు. "ఎవరో రైల్వేల పనిజేసే పిలగాడు ఇచ్చిండు. ఆ ఆగమాగంల పేరు గూడ అడగలే."

ఆ పిలగాడి చొక్కా రంగు దాకా చెప్పుకొచ్చాడు. చూస్తే గంట ఎప్పుడో దాటింది. లేచి రెండు చాయ్‌లు తెచ్చాను, ఒకటి చక్కెర తక్కువ.