రెండు దేశముల నడుమ బిడ్డ

ఆలుమగలకు పొసగనప్పుడు బిడ్డ యెవరియొద్ద పెరుగవలెనన్న తగవు లోకమునకు క్రొత్తది కాదు. కాని తల్లి యొక దేశమునను తండ్రి వేఱొక దేశమునను నుండి, చెరియొక న్యాయస్థానము నాశ్రయించుట యీ కాలమున వినవచ్చుచున్నది. అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశములలో మన తెలుగు ఆడుబిడ్డ లెందఱో కాపురములు చేయుచున్నారు. కావున ఈ విషయము సోదరీమణులకు పరాయిది కాదని తలచి వ్రాయుచున్నాము.

మా యెఱుకలోని యొక యింట ఆఱేండ్ల పిల్లవాడు తాతగారియొద్ద పెరుగుచున్నాడు. తల్లి వానితో తిరిగివచ్చి రెండేండ్లైనది. తండ్రి యక్కడి న్యాయస్థానమున ఉత్తరువు పొందినాడు. తల్లి యిక్కడి న్యాయస్థానమున మొఱపెట్టుకొన్నది. నాన్న యెప్పుడు వచ్చునని యెవరైన నడిగినచో, ఆ పసివాడు బదులు చెప్పక లోనికి పోవును. కాగితములు రెండు దేశములందును పెరుగుచున్నవి, బాల్యము గడచిపోవుచున్నది.

ఇట్టి చిక్కులకై నెదర్లాండ్సు దేశమందలి హేగు నగరమున 1980వ సంవత్సరము అక్టోబరు 25వ తేదీన ఒక ఒడంబడిక కుదిరినది. అది 1983 డిసెంబరు నుండి అమలునకు వచ్చినది. పదునాఱేండ్లు నిండని బిడ్డను తల్లి గాని తండ్రి గాని, రెండవవారి హక్కును త్రోసిపుచ్చి అన్యదేశమునకు గొనిపోయినచో, బిడ్డ యంతవఱకు నివసించుచుండిన దేశమునకు త్వరగా మరలింపవలెననుట దాని సారము. అంతమాత్రమున బిడ్డ తండ్రిపాలగునని కాదు. పెంపకమును గూర్చిన విచారణ ఆ దేశమున జరుగును. మరలించినచో బిడ్డకు ఘోరమైన యపాయము కలుగునని రుజువైనచో న్యాయాధిపతి నిరాకరింపవచ్చును. నూటికి పైగా దేశము లిందు చేరినవి.

అయినను ఒక దేశపు న్యాయాధిపతికి మఱియొక దేశపు పద్ధతులు తెలియుటెట్లు? ప్రతి దేశమునను ఒక న్యాయాధిపతి యిందులకై యుండి, అన్యదేశపు న్యాయాధిపతులతో నేరుగా సంప్రదింపవలెనని ఇంగ్లండు న్యాయాధిపతియగు మాథ్యూ థోర్పు 1998లో సూచించెను. అట్లేర్పడిన కూటమి నేడు అనేక దేశములకు వ్యాపించినది. తల్లి బిడ్డతో మరలి వచ్చినచో భర్త దౌర్జన్యమునుండి రక్షణ లభించునా, విచారణ ఎంత త్వరగా జరుగును, అని ఈ దేశపు న్యాయాధిపతి ఆ దేశపు న్యాయాధిపతి నడిగి తెలిసికొనవచ్చును. వారు వ్యాజ్యములోని మంచిచెడ్డలు తమలో తాము తేల్చుకొనరాదు. ఉభయపక్షములకును సంభాషణ సంగతి తెలియజేయవలెను. దానిని వ్రాతలో నుంచవలెను. ఈ నియమములు 2013లో ప్రకటింపబడినవి.

మన దేశ మీ ఒడంబడికలో చేరలేదు. చేరుట మేలని 2009లో లా కమిషను తన 218వ నివేదికలో చెప్పినది. దెబ్బలకు తాళలేక పుట్టినిల్లు చేరిన తల్లిని మరల ఆ యింటివైపు త్రోయుదురేమోయని పలువురు భయపడుచున్నారు. పరదేశపు ఉత్తరువు ఆలోచింపదగిన సంగతులలో ఒకటి మాత్రమేయనియు, బిడ్డ క్షేమమే ముఖ్యమనియు మన సుప్రీముకోర్టు 2017లో తీర్పుచెప్పినది.

న్యాయాధిపతులు ఒకరినొకరు తెలిసికొనుట బిడ్డకు మేలేయని మా తలంపు. ఇరువురు న్యాయాధిపతులు చెరియొకవైపు లాగిన నలుగునది పసిప్రాణమే. కాని ఆ సంభాషణలో తల్లి గోడు కూడ వినబడవలెను. వినబడుటకు సాక్ష్యము కావలెను. ఆదిపర్వమున శకుంతల కొడుకును వెంటబెట్టుకొని దుష్యంతుని సభకు పోయినప్పుడు, ప్రతివాదియు తీర్పరియు ఆ రాజే. ఆమె యెంత నేర్పుతో వాదించినను, అశరీరవాణి పలికిన పిమ్మటనే ఆమె మాట నిలిచినది. ఒకచోట జరిగినదానిని వేఱొకచోట రుజువుచేయుట ఆడుదానికి నాడును కష్టమే, నేడును కష్టమే. నేడు ఆకాశమునుండి యెవరును పలుకరు. ఆ దేశపు వైద్యుడిచ్చిన చీటి, పోలీసులకిచ్చిన ఫిర్యాదు, అక్కడి న్యాయస్థానమిచ్చిన రక్షణ ఉత్తరువు, ఇవియే మనపక్షమున పలుకవలెను.

కావున ఆడుబిడ్డను సముద్రము దాటించు తల్లులు నగలును పచ్చళ్లును సర్దునప్పుడు ఈ మాటయు చెవినివేయవలెను: కష్టము వచ్చినచో దాచుకొనక అక్కడనే ఫిర్యాదు చేయవలెను, బిడ్డతో బయలుదేరకముందు అక్కడి న్యాయవాది నొకరిని అడుగవలెను, కాగితములు భద్రపఱుచుకొనవలెను. ఇట్టి జాగ్రత్త యెవరికిని అక్కఱకు రాకుండుగాక. వచ్చినచో తల్లికిని బిడ్డకును అండయగుగాక.