అమీర్‌పేటలో పడక సైకిల్

మైత్రీవనం చుట్టుపక్కల ఏ కోర్సు కావాలన్నా దొరుకుతుంది. జావా నుంచి డేటా సైన్స్ దాకా ఫ్లెక్సీలే ఫ్లెక్సీలు. దొరకనిదల్లా సైకిల్‌కి రెండడుగుల జాగా. అలాంటి చోట రికంబెంట్ తొక్కితే ఎలా ఉంటుందో చెప్తాను.

రికంబెంట్ అంటే వెనక్కి జారగిలబడి, కాళ్లు ముందుకు చాపి తొక్కే సైకిల్. పడక కుర్చీకి పెడల్స్ బిగించినట్టుంటుంది. చూసి నవ్వుకోకండి. 1933లో పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే రేసర్ ఇలాంటి దానిమీదే గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కి అప్పటి రికార్డు బద్దలు కొట్టాడు. గాలి తక్కువ తగలడమే కిటుకు. మరుసటి ఏడాది అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం ఇది అసలు రేసు సైకిలే కాదు పొమ్మంది. అప్పుడు ఒప్పుకుని ఉంటే ఇవాళ మన షాపుల్లోనూ ఉండేవేమో!

ఫ్రెండ్ దగ్గర తీసుకుని ఆదివారం పొద్దున్నే అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు బయల్దేరాను. నడుంనొప్పి లేదు, మెడనొప్పి లేదు. రోజంతా ల్యాప్‌టాప్ ముందు వంగి కూర్చునేవాడికి అదే స్వర్గం. కానీ నా కళ్లు కారు డోర్ హ్యాండిల్ ఎత్తులో ఉన్నాయి. పక్కన సిటీ బస్సు ఆగితే కనిపించేది చక్రం నట్లే. సైలెన్సర్ పొగ నేరుగా ముఖానికే. మెట్రో పిల్లర్ల మధ్య యూటర్న్ తీసుకునేవాళ్లకి నేను ఉన్నట్టే తెలీదు. అందుకే వెనకాల పీవీసీ పైపుకి నారింజ రంగు జెండా కట్టుకున్నాం. సిగ్నల్ దగ్గర మాత్రం ఆటో అన్నలందరికీ ఒకటే డౌటు: "బ్యాటరీదా అన్నా?"

గుంతలు ఇంకో కథ. మామూలు సైకిల్ మీదైతే గుంత రాగానే సీటు మీంచి కాస్త లేస్తాం. ఇక్కడ లేవడం కుదరదు, దెబ్బంతా వీపుకే. అనంతగిరి మట్టిదారిలోనూ ఇదే బాధ. ఎత్తు ఎక్కేటప్పుడు పెడల్స్ మీద నిలబడలేం, ముందు చక్రం జారితే ఒళ్లు పక్కకి వంచి కాచుకోలేం. దీనికి సరైన చోటు ఓఆర్‌ఆర్ పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్. 23 కిలోమీటర్లు, ఎండ తగలదు, గుంతల్లేవు. కాకపోతే అమీర్‌పేట నుంచి అక్కడికి దీన్ని చేర్చాలంటే కారు కావాలి!

నిమ్స్ దగ్గర ఆగినప్పుడు చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద ఒకాయన పక్కకొచ్చాడు. అప్పుడు తట్టింది. ఈ ఎత్తులో కూర్చుని ఈ ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లు ఎప్పట్నుంచో ఉన్నారు. గేర్లు లేవు, అద్దాలు లేవు, నాలాగా సరదాకి వచ్చినవాళ్లూ కాదు. ఆయన నా సైకిల్‌ని పెద్దగా పట్టించుకోలేదు. జెండానే చూస్తున్నాడు.

"మంచిగుంది తమ్మీ. బస్సోళ్లకి నేను కనవడ. చెయ్యి లేపి చూపిద్దామంటే బండి ఆగిపోతది" అన్నాడు.

ఎంతైందని అడిగాడు. వంద కూడా కాలేదన్నాను. పైపు ఊడదీసి ఆయన సీటు వెనకాల తాడుతో బిగించాం. ఒకసారి ఊపి చూసుకుని ఖైరతాబాద్ వైపు వెళ్లిపోయాడు. ఫ్లైఓవర్ దాటేదాకా ఆ నారింజ రంగు కనిపిస్తూనే ఉంది. జెండా లేకుండా తొక్కే ధైర్యం నాకు లేదు. ఫుట్‌పాత్ ఉన్నంతమేరా సైకిల్‌ని నడిపించుకుంటూ అమీర్‌పేట వచ్చేశాను.