సైబరాబాదులో దేవదాసు

హైదరాబాదు వెళ్లినవారు చార్మినారు చూస్తారు, గోలకొండ ఎక్కుతారు, ఇరానీ చాయ తాగి తిరుగురైలెక్కుతారు. వీలైతే ఒక పూట హైటెక్ సిటీకి కూడా ఉంచుకోండి. అమీరుపేటలో మెట్రో ఎక్కి, పెద్దమ్మగుడి, మాదాపూరు, దుర్గం చెరువు స్టేషన్లు దాటితే చాలు, అక్కడ దిగవచ్చు. ఎటు చూసినా అద్దాల మేడలే. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి ఈ చుట్టుపక్కల ఎక్కువగా ఉన్నవి రాళ్లూ రప్పలే!

నేను వెళ్లింది ఉద్యోగం వెతుక్కోవడానికి కాదు లెండి. మా కాలేజీలో తెలుగు చదివే పిల్లలు నలుగురు, ఇవాళ ‘దేవదాసు’ను మళ్లీ సినిమా తీస్తే ఎలా తీయాలని కొన్నాళ్లుగా వాదించుకుంటున్నారు. పాతకాలపు గుర్తు ఒక్కటీ లేనిచోట నిలబడితేనే పాతకాలమంటే ఏమిటో తెలుస్తుందని, నేనే వారిని అక్కడికి తీసుకుపోయాను.

శరత్‌బాబు నవల అచ్చయింది 1917లో. 1935లో బరువా దాన్ని బెంగాలీలో తీశాడు. మన వినోదావారి ‘దేవదాసు’ 1953లో వచ్చింది. దర్శకుడు వేదాంతం రాఘవయ్యగారు. దేవదాసు అక్కినేని, పార్వతి సావిత్రి. చున్నీలాలు మనవాళ్ల చేతిలో భగవాన్ అయ్యాడు. పార్వతీ, చంద్రముఖీ మాత్రం పేర్లు మార్చుకోకుండానే తెలుగువాళ్లయిపోయారు. నవలకూ ఆ సినిమాకూ నడుమ 36 ఏళ్లే. ఎడ్లబండీ, జమీందారు లోగిలీ అప్పటి ప్రేక్షకుడు ఎరిగినవే. ఇప్పుడు తీసేవారికి నూరేళ్లు దాటిన దూరం. లోగిలి కట్టాలి, పంచెకట్టు నేర్పాలి, ఆకాశంలో అడ్డొచ్చే సెల్‌ఫోను టవర్లను కంప్యూటరు మీద చెరిపేయాలి.

అన్నట్టు, ఈ రాళ్లకూ ఆ సినిమాకూ దూరపు చుట్టరికం ఉంది. తెరమీద దేవదాసైన నాగేశ్వరరావుగారే 1976లో ఇక్కడికి కొద్దిమైళ్ల దూరాన, బంజారా హిల్స్ రాళ్ల నడుమ, అన్నపూర్ణ స్టూడియో నెలకొల్పారు.

మధ్యాహ్నం ఎండ వాలాక దుర్గం చెరువు గట్టున కూర్చున్నాం. కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండకు నీళ్లిచ్చిన చెరువిది. 2020లో దీనిమీద తీగల వంతెన వేశారు. వాదన మళ్లీ మొదలైంది.

“దేవదాసుకు ఫోనుంటే కథే లేదు మాస్టారూ!” అన్నాడొక కుర్రవాడు.

వాడి మాటలో నిజం లేకపోలేదు. నవలలో దేవదాసు కలకత్తానుంచి పార్వతికి మనసు విరిచే ఉత్తరం రాస్తాడు. దాన్ని తపాలాకు వేసిన తర్వాతగాని తానేం చేశాడో తెలియదు. నేడు ఫోనులో పంపిన మాటను, అవతలివారు చూడకముందే చెరిపేయవచ్చు. తపాలాపెట్టె నోట్లో పడిన ఉత్తరం తిరిగిరాదు. అతడు ఊరికి పరుగెత్తుకొచ్చేసరికి పార్వతికి సంబంధం కుదిరిపోయింది. చివరి ప్రయాణమూ అంతే. రైలు దిగి, జబ్బుతో ఎడ్లబండిలో పడుకుని, ఇంకెంత దూరమని అడుగుతూ పోతాడు. ఆ బండిని తెరమీద త్వరగా నడిపించేస్తే పట్టుపంచెలూ లాంతర్లూ ఎన్ని ఉండి ఏం లాభం?

ఇంతలో అంతవరకూ మాట్లాడని అమ్మాయి అంది: “ఫోనుంది మాస్టారూ. గేటు కూడా ఉంది.”

అందరం ఊరుకున్నాం. పార్వతిది ఆడపిల్లకు డబ్బు పుచ్చుకునే వంశమనీ, పైగా పక్కింటి సంబంధమనీ జమీందారు ఇంట ఒప్పుకోలేదు. కన్యాశుల్కం సంగతి తెలిసిన మనకు ఆ మాట బోధపరచనక్కరలేదు. ఆఖరున చచ్చిపోయినవాడు దేవదాసని తెలిసి పార్వతి పరుగెత్తబోతే, ఆమెను ఆపింది తాళం కాదు, ఇంటివాళ్లే. మా వెనకనున్న మేడల్లోకి మెడలో కార్డు ఉంటేగాని అడుగుపెట్టనివ్వరు. లోపల పక్కపక్క కుర్చీల్లో పనిచేసే ఇద్దరు, పెళ్లిమాట ఎత్తేసరికి ఏ కులమో, ఏ ఊరో చెప్పుకోవలసి వస్తూనే ఉంది. ఆ అమ్మాయి ఎవరి సంగతి తలుచుకుని అన్నదో నేను అడగలేదు. చెరువుకేసి చూస్తూ కూర్చుంది.

ఇవాళ ‘దేవదాసు’ తీసేవారు లోగిలిని ఎంత పాతగానైనా కట్టుకోవచ్చు. ఉత్తరం చేరడానికి పట్టే రోజులనూ, బండి నడకనూ కుదించకుండా ఉంటే మరీ మంచిది. ఆ లోగిలి తలుపును మాత్రం మ్యూజియంలో వస్తువులా చూపించకూడదు. హాల్లో కూర్చున్న ఏ ఆడపిల్లయినా దాన్ని చూసి, ఇది మా ఇంటిదేనని గుర్తుపట్టాలి.