పోగు సూసినవా?

తుపాను రాత్రి మొండికేసిన జనరేటర్ ముందు ఓ మెకానిక్‌కు తెలిసొచ్చిన సంగతి

సూరత్‌లో జనరేటర్లు బాగుచేసి బతుకుతానంటే వినేవాళ్లు నవ్వుతారు. గుజరాత్‌లో పల్లెలకు సైతం రోజంతా కరెంటు ఇచ్చే జ్యోతిగ్రామ్ పథకం 2003లోనే మొదలైంది. ఇక నగరం మాట చెప్పేదేముంది? కోసాడ్‌లోని నా దుకాణానికి ఎక్కువగా వచ్చేవి మోటార్లు, మిక్సీలు, ఎంబ్రాయిడరీ మిషన్ల కార్డులు. చిన్న పెట్రోలు జనరేటర్లు వచ్చేది పెళ్లిళ్ల సీజన్లోనూ, వినాయక చవితికీ, బతుకమ్మకీ. అదీ ఆఖరి నిమిషంలో. తెచ్చినవాళ్లంతా చెప్పే మాట ఒక్కటే: "కార్డు పోయింది, మార్చెయ్."

కార్డు అంటే ఎలక్ట్రానిక్ కంట్రోలర్. బటన్ నొక్కగానే స్టార్టర్‌ను తిప్పేది, ఇంజిన్ అందుకోగానే స్టార్టర్‌ను వదిలేసేది, ఆయిల్ తగ్గినా, స్పీడు మితిమీరినా ఇంజిన్‌ను ఆపేసేది అదే. సబ్బుపెట్టెంత డబ్బా. లోపల ఏం జరుగుతోందో పైకి కనపడదు. కనపడనిదాన్ని అనుమానించడం మనిషికి తేలిక. ముప్ఫయ్యేళ్లుగా ఈ పనిలో ఉన్న నేనూ అదే చేశాను. అదీ మా బావ ఊపిరి ఒక మిషన్ మీద ఆధారపడిన రాత్రి.

సూరత్ స్టేషన్లో అహ్మదాబాద్ వైపు వెళ్లే ప్యాసింజర్ ఎక్కితే తాపీ నది దాటాక ఉత్రాణ్, ఆ తర్వాత కోసాడ్ వస్తాయి. ఒకప్పుడిది పల్లె. ఇప్పుడు పేదల కోసం కట్టిన ఆవాస్ ఇళ్ల వరసలతో ఊరికి ఊరే లేచి నిలబడింది. సూరత్‌లో తెలుగువాళ్లంటే లింబాయత్ వైపే చూపిస్తారుగానీ మాలాంటి కొన్ని కుటుంబాలు నదికి ఈవల కూడా ఉన్నాయి. మా బావది సిరిసిల్ల. అక్కడ మరమగ్గాలను సాంచెలంటారు. 1980లలో సాంచెల మీద పని వెతుక్కుంటూ సూరత్ వచ్చాడు. ఆయన వెనకే అక్క, అక్క వెనకే నేను. బావ పోగుల్లో పడ్డాడు, నేను తీగల్లో పడ్డాను.

2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వచ్చిపడిన నీటితో తాపీ పొంగి సూరత్‌లో చాలా భాగం మునిగిపోయింది. రోజుల తరబడి కరెంటు లేదు, తాగునీళ్లు లేవు. ఆ భయం బావను వదల్లేదు. కొన్నేళ్ల తర్వాత నాతో వెతికించి మరీ పాత పెట్రోలు జనరేటర్ ఒకటి కొన్నాడు. రెండు కిలోవాట్లది, బటన్ నొక్కితే స్టార్టయ్యేది. తర్వాత అంత వరద రాలేదు. జనరేటర్ మెట్ల కింద గదిలో గోనెసంచి కప్పుకుని పడుకుంది. చేత్తో లాగే తాడు మూడేళ్ల కిందట తెగిపోతే "బటన్ ఉంది కదా బావా, తర్వాత చూద్దాం" అన్నది నేనే.

2021 ఏప్రిల్లో కోవిడ్ రెండో వేవ్‌లో బావ ఆసుపత్రి పాలయ్యాడు. మే నెల మొదట్లో ఇంటికి పంపించారు. ఊపిరితిత్తులు ఇంకా కోలుకోలేదు కనక అద్దెకు తెచ్చిన ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మంచం పక్కన పెట్టాం. గాలిలోంచి ఆక్సిజన్‌ను వడగట్టి ఇచ్చే ఈ మిషన్‌కు కావలసింది 350 వాట్ల కరెంటు. తోడుగా ఒక చిన్న సిలిండర్.

మే 17 రాత్రి తౌతే తుపాను డయ్యూ, ఊనా మధ్య తీరం దాటింది. మర్నాడు కూడా సూరత్‌ను గాలివాన వదల్లేదు. మా వీధిలో చెట్టు కూలి తీగలు తెగాయి. చీకటి పడుతుండగా కరెంటు పోయింది. కాన్సంట్రేటర్ ఒక్కసారి కూతపెట్టి ఆగింది. అక్క సిలిండర్ తిప్పింది. ముల్లు ఎర్రగీతకు కాస్త పైన ఉంది. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున గంటకు మించి రాదని లెక్క తేలింది.

నేనూ, మేనల్లుడూ జనరేటర్‌ను బయటికి లాగాం. పెట్రోలు పోశాం. బటన్ నొక్కాను. రిలే టక్కుమంది, ఇంజిన్ సగం చుట్టు తిరిగి ఆగింది, ప్యానెల్ మీద లైట్లన్నీ ఆరిపోయి మళ్లీ వెలిగాయి. మరోసారి నొక్కాను. అదే టక్కు, అదే చీకటి. బ్యాటరీకి మీటర్ పెట్టాను. 12.6 వోల్టులు. పూర్తి చార్జింగ్ ఉన్నట్టే.

"గీ డబ్బా ఖరాబయింది మామా" అన్నాడు అల్లుడు. నాకూ అలాగే అనిపించింది. బ్యాటరీ బాగుంది, స్టార్టర్ బాగుందనుకున్నాను. మిగిలింది కార్డే. లైట్లు ఆరి వెలగడమంటే అది తనంతట తాను మళ్లీ మొదలవుతోందన్నమాట. టార్చి పట్టించి డబ్బా విప్పాను. ప్రతి టాంకా చూశాను. ఫ్యూజు చూశాను. కనెక్టర్లు పీకి మళ్లీ గుచ్చాను. పావుగంట గడిచింది. కార్డు మీద నాకు దొరికిన తప్పు ఒక్కటీ లేదు. అయినా తప్పు దానిదేనని నమ్ముతూనే ఉన్నాను. లాక్‌డౌన్ రోజుల్లో, ఆ వానలో కొత్త కార్డు ఎక్కడ దొరుకుతుంది?

పైకెళ్లి అక్కతో చెప్పాను. బావ వింటూనే ఉన్నాడు. మాస్కు కొంచెం పైకెత్తి, ఆయాసపడుతూ ఒక్క మాటే అన్నాడు.

"బామ్మర్దీ, పోగు సూసినవా?"

సాంచె మీద పనిచేసినవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. పేక పోగు తెగితే మగ్గాన్ని ఆపడానికి చిన్న ఫోర్కు ఒకటి ఉంటుంది. పోగు తగిలినంతసేపూ అది నోరెత్తదు. పోగు తగలకపోతే మగ్గం ఆపేస్తుంది. మగ్గం ఆగిన ప్రతిసారీ కూలీ తగ్గుతుంది కనక కొత్త కుర్రాళ్లు ఫోర్కునే తిట్టుకుంటారు. కొందరు దాన్ని పనిచేయకుండా కట్టేస్తారు. మగ్గం ఆగకుండా తిరుగుతుంది. బట్టలో మాత్రం గీతలు పడతాయి. ఆపింది ఫోర్కే అయినా తెగింది పోగు. బావ నలభై ఏళ్ల పనితనం ఆ తేడాలోనే ఉంది.

మెట్లు దిగుతుంటే నేను చేయని పరీక్ష గుర్తొచ్చింది. స్క్రూడ్రైవర్‌తో స్టార్టర్ రిలే రెండు బోల్టులనూ కలిపాను. అంటే కంట్రోలర్‌ను పూర్తిగా పక్కనపెట్టి కరెంటును నేరుగా స్టార్టర్‌కు పంపడం. తప్పు కార్డుదే అయితే ఇంజిన్ గిర్రున తిరగాలి. తిరగలేదు. మూలిగి ఆగింది. అప్పటికి గాని నాకు బుద్ధి రాలేదు. కార్డును పక్కనపెట్టినా జబ్బు అలాగే ఉందంటే జబ్బు కార్డులో లేదు.

బ్యాటరీని ఖాళీగా ఉన్నప్పుడు కొలిస్తే అందరూ ఆరోగ్యవంతులే. బరువు మోస్తున్నప్పుడు కొలవాలి. అల్లుణ్ని బటన్ నొక్కమని, నేను మీటర్ పట్టుకున్నాను. బ్యాటరీ బోల్టుల దగ్గర 10.8 వోల్టులు. స్టార్టర్ తిరిగేటప్పుడు అంత తగ్గడం మామూలే. అదే క్షణంలో కార్డు దగ్గర ఆరు. మధ్యలో నాలుగున్నర వోల్టులకు పైగా ఎవరో మింగేస్తున్నారు. మీటర్ తీగ ఒకటి బ్యాటరీ నెగెటివ్ బోల్టుకు, రెండోది ఇంజిన్ ఇనుముకు పెట్టి మళ్లీ నొక్కించాను. అక్కడ అర వోల్టు కూడా కనపడకూడదు. నాలుగున్నర కనపడింది. దొంగ దొరికాడు. బ్యాటరీ నుంచి ఇంజిన్‌కు వెళ్లే ఎర్త్ తీగ.

బోల్టు విప్పితే కింద తుప్పు, ఆకుపచ్చ బూజు. ఏళ్ల తరబడి మెట్ల కింద తేమ చేసిన పని అది. చిన్న కరెంటుకు ఆ తుప్పు దారి ఇస్తుంది. అందుకే ప్యానెల్ లైట్లు చక్కగా వెలిగాయి. స్టార్టర్ పెద్ద కరెంటు అడగగానే దారి మూసుకుపోతుంది. వోల్టేజీ పడిపోయి కార్డు స్పృహ తప్పుతుంది, రిలే వదిలేస్తుంది. కార్డు చేసిన నేరమల్లా తనకు తిండి అందలేదని చెప్పడమే. కూరగాయల కత్తితో ఇనుము తళతళలాడేదాకా గీకి బోల్టు బిగించాను. మొదటి నొక్కుకే ఇంజిన్ అందుకుంది.

రెండు నిమిషాలు నడిచి ఆగిపోయింది. ఈసారి ఎర్రటి ఆయిల్ లైటు.

ఇలాంటి ఇంజిన్లలో ఆయిల్ మట్టం చూసే తేలుడు స్విచ్ ఒకటుంటుంది. మట్టం తగ్గితే ఇంజిన్ ఆపమని సంకేతమిస్తుంది. దాని తీగ పీకేస్తే ఇంజిన్ నడుస్తుంది. రెండేళ్ల ముందు పెళ్లి పందిట్లో ఒకాయన తొందరపెడితే "సెన్సర్ ఖరాబైంది" అంటూ అలాగే పీకాను. పాట కచేరీ సగంలో ఇంజిన్ బిగుసుకుపోయింది. సెన్సర్ ఖరాబు కాలేదు. నిజంగానే ఆయిల్ లేదు. ఆ ఇంజిన్ ఖరీదు నా జేబులోంచే పోయింది. ఈసారి చెయ్యి తీగ దాకా వెళ్లి ఆగింది. ఆయిల్ పుల్ల తీసి చూస్తే చివర తడి మాత్రమే ఉంది. పైగా జనరేటర్ ఏటవాలు నేల మీద ఒరిగి ఉంది. సరిచేసి, అల్లుడి బైక్ కోసం దాచిన కొత్త ఆయిల్ డబ్బా పోశాను. లైటు ఆరింది. ఇంజిన్ నిలబడింది.

ఇంకో తప్పు కొద్దిలో తప్పింది. వాన జోరైందని అల్లుడు నడుస్తున్న జనరేటర్‌ను మెట్ల కిందికి లాగబోయాడు. వద్దని అరిచాను. పెట్రోలు ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగుండదు, వాసనుండదు. మెట్ల దారిలోంచి నేరుగా రెండో అంతస్తుకే ఎక్కుతుంది. అంతకన్నా దారుణమేమిటంటే బావ వేలికి పెట్టిన ఆక్సీమీటర్ ఆ సంగతి చెప్పలేదు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ నిండిన రక్తంగానే లెక్కేస్తుంది. మనిషి పోతున్నా అంకె 97 అనే చూపించవచ్చు. పరికరం అబద్ధమాడదు, నిజమే. కానీ దానికి వినపడేది మాత్రమే చెప్పగలదు. అందుకే జనరేటర్‌ను కిటికీలకు ఇరవై అడుగుల అవతల నిలిపాం. వాన పడకుండా, గాలి ఆడేలా పైన రేకు ఆనించాం. ఇంటి వైరింగ్ జోలికి పోకుండా ఎక్స్‌టెన్షన్ తీగతో నేరుగా కాన్సంట్రేటర్‌కు కలిపాం. ఇంటి సాకెట్‌లోకి ఎదురు కరెంటు ఎక్కిస్తే వీధిలో తీగలు సరిచేసే లైన్‌మన్ ప్రాణానికే ముప్పు.

కాన్సంట్రేటర్ మళ్లీ కూతపెట్టేటప్పటికి సిలిండర్ ముల్లు ఎర్రగీత లోపలికి వెళ్లిపోయింది. ఆక్సీమీటర్ 88 నుంచి 92కు, ఆ తర్వాత 94కు ఎక్కడం నేనూ అక్కా గుడ్లప్పగించి చూశాం. తెల్లారేదాకా వంతులవారీగా పెట్రోలు పోశాం. పోసే ప్రతిసారీ ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి పోశాం. ఆ కాసేపూ బావ ఆ మిగిలిన సిలిండర్ మీదే ఉన్నాడు. ఉదయం ఎనిమిదింటికి కరెంటొచ్చింది.

ఆ రాత్రి తర్వాత నా పనిలో వరస మారింది. కార్డు పోయిందని ఎవరు వచ్చినా కార్డును ఆఖరున చూస్తాను. ముందు బరువు మీద బ్యాటరీ, తర్వాత ఎర్త్, తర్వాత ఆయిల్, ఆ తర్వాత పెట్రోలు. ఇంజిన్ చక్కగా తిరుగుతున్నా కరెంటు రాకపోతే కార్బన్ బ్రష్‌లు చూస్తాను. ఎక్కువ కాలం వాడని జనరేటర్ రోటర్‌లో మిగిలి ఉండాల్సిన కాస్త అయస్కాంత శక్తి కూడా పోవచ్చు. అప్పుడు బ్యాటరీతో ఒక్క క్షణం ఊపిరి పోస్తే చాలు, వోల్టేజీ దానంతటదే లేస్తుంది. వోల్టేజ్ రెగ్యులేటర్‌ను మార్చి డబ్బు దండుకోనక్కర్లేదు. కార్డులు నిజంగా పోవని కాదు. పోతాయి. కానీ నా దుకాణానికి శవాలుగా వచ్చిన కార్డుల్లో చాలావరకు బతికే ఉన్నాయి.

జనరేటర్లకు పెద్ద జబ్బు పని లేకపోవడమే. ట్యాంకులో నిలవున్న పెట్రోలు కార్బురేటర్‌లో జిగురు కడుతుంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. దానికి తేమను పీల్చుకునే గుణముంది కనక నిలవ ఉంచడం ఇంకా ప్రమాదం. బావ జనరేటర్‌కు కొత్త తాడు వేశాను. నెలకోసారి బయటికి తీసి, పావుగంట బరువు పెట్టి నడిపి, పెట్రోలు దింపేస్తాను.

బావ సాంచెల జోలికి మళ్లీ పోలేదు. రెండు మెట్లు ఎక్కితే ఆయాసం. సాయంత్రాలు నా దుకాణంలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. మొన్న బతుకమ్మకు రెండు రోజుల ముందు ఒక కుర్రాడు జనరేటర్ ఆటోలో వేసుకుని వచ్చి, దింపుతూనే "కార్డు పోయింది అన్నా, మార్చెయ్యి" అన్నాడు. ఆఖరున ఎప్పుడు నడిపారని అడిగాను. పోయినేడు బతుకమ్మకట.

నేను మీటర్ కోసం వెతుకుతుండగానే కుర్చీలోంచి బావ అందుకున్నాడు. "గా డబ్బాను తర్వాత తిడుదువు గానీ, ముందు గా బోల్టు ఇప్పు బిడ్డా."