మజ్రీ కాలనీ కాదులే అది

భద్రావతి

ఏమే,

నీ ఉత్తరం అందింది. హైదరాబాదులో డాక్టరు గ్రూప్ థెరపీకి వెళ్లమంటే నిద్ర పట్టడం లేదని రాశావు. "నలుగురి నోళ్లలో నానమంటావా?" అని అడిగావు. మజ్రీ బొగ్గు గనుల పక్కన పెరిగినదానివి, ఆ భయం ఎక్కడికి పోతుంది? ఇక్కడ ఒకరింట్లో గొడవైతే తెల్లారేసరికి మన తెలుగువాళ్ల వాకిళ్లన్నిట్లోనూ అదే మాట.

అందుకే ముందు ఇది విను. ఆ గ్రూపులో ఉండేది ఒకరికొకరు ముక్కూమొహం తెలియనివాళ్లు, ఏడెనిమిది మంది. బయట స్నేహాలు పెట్టుకోకూడదు, విన్నది గది దాటకూడదు. భద్రావతిలో అలాంటి గ్రూపు కూర్చడమే కష్టం.

వారానికోసారి కలుస్తారు, సుమారు గంటన్నర. కుర్చీలు గుండ్రంగా వేస్తారు. రానివాళ్ల కుర్చీ తీసెయ్యరు, ఖాళీగానే ఉంచుతారు. అందరూ కూర్చున్నా థెరపిస్టు మొదలుపెట్టరు. ఆ మౌనం నీకు మొదట్లో చాలా బరువనిపిస్తుంది. చివరికి ఎవరో నోరు విప్పుతారు, అదీ థెరపిస్టు వైపే చూస్తూ, మందు రాసిస్తారేమో అన్నట్టు. ఆయన సలహా ఇవ్వరు. "ఆవిడ ఏడుస్తుంటే అందరూ నేల చూపులు చూస్తున్నారేం?" అని అడుగుతారు, అంతే.

నీ కథంతా పూసగుచ్చినట్టు చెప్పక్కర్లేదు, నీ తీరే అక్కడ బయటపడుతుంది. ఇంట్లో ఎలా నోరు నొక్కుకుంటావో అక్కడా అలాగే నొక్కుకుంటావు. ఎదుటి కుర్చీలో ఉన్నావిడ గొంతు మీ అత్తగారి గొంతులా వినిపించి, కారణం లేకుండానే ఒళ్లు మండుతుంది. అప్పుడే, అక్కడే, ఆవిడతోనే ఆ సంగతి మాట్లాడొచ్చు. ఇంట్లో ఏళ్ల తరబడి కుదరనిది అదేగా! ఈ వైద్యం బలమంతా అందులోనే ఉందని నా నమ్మకం.

ఈ వైద్యానికి దారి వేసినవాళ్లలో బియాన్ అనే ఆయన మన దేశంలోనే, 1897లో మధురలో పుట్టాడు. ఎనిమిదేళ్లకే చదువుకని ఇంగ్లండు పంపేశారు. రెండో ప్రపంచయుద్ధంలో బర్మింగ్‌హామ్ దగ్గర నార్త్‌ఫీల్డ్ సైనిక ఆసుపత్రిలో, యుద్ధానికి మనసు చెదిరిన సైనికులతో ఆయన గ్రూపులు నడిపాడు. గ్రూపు అసలు పని వదిలేసి ఎవరో ఒక రక్షకుడి కోసం ఎదురుచూడటం, శత్రువును వెతుక్కుని కొట్లాడటమో పారిపోవడమో చెయ్యడం ఆయన గమనించాడు. అదే ఆసుపత్రిలో పనిచేసిన ఫూక్స్, జర్మనీలో హిట్లరు అధికారంలోకి వచ్చాక ఇంగ్లండు చేరిన యూదుడు. థెరపిస్టు ఒక్కరే కాదు, గ్రూపే వైద్యం చేస్తుందన్నది ఆయన పట్టుదల. నాకు ఆయన మాటే ఎక్కువ నచ్చుతుంది.

చేరేముందు థెరపిస్టును విడిగా కలిసి, నీ భయాలన్నీ అడిగెయ్. కొన్ని వారాలకే మానెయ్యాలనిపిస్తుంది. అప్పుడు ఇంట్లో కూర్చోకు, వెళ్లి ఆ మాట వాళ్లందరి ముందే చెప్పు. వాళ్లేమన్నారో నాకు రాయకు, అది వాళ్ల సంగతి. నువ్వెలా ఉన్నావో మాత్రం రాయి.

నీ నేస్తం