నేనిచ్చిన తప్పు సలహా

క్రిస్మస్ ఆరాధన ముగిసిందంటే మా ఆదోని, ఎమ్మిగనూరు పల్లెలు సగము ఖాళీ అవుతాయి. తల్లిదండ్రులు మిరపకాయలు కోయడానికి గుంటూరు ప్రాంతానికి వలస పోతారు. బడికి పోయే పిల్లలు అవ్వల దగ్గర ఉంటారు. రాత్రిపూట నాలుగు మాటలు మాట్లాడుకోవచ్చని ఒక ఫోను కొనిచ్చి పోతారు. ఆ ఫోనులో ఇంకెవరెవరో మాట్లాడతారన్న సంగతి వారికి తెలియదు. నాకూ తెలియలేదు.

2022లో ఒక అవ్వ మనుమరాలిని తీసుకొని మందిరానికి వచ్చింది. పాపకు 13 ఏళ్లు. ఆడపిల్ల పేరుతో పరిచయమైన ఒకడు తీపిమాటలు చెప్పి ఆమె ఫోటోలు తెప్పించుకున్నాడు. ఇంకా పంపకపోతే అందరికీ చూపిస్తానని బెదిరిస్తున్నాడు. "అమ్మకు చెప్పొద్దు అయ్యగారూ" అని పాప ఏడ్చింది. ప్రార్థన చేశాను. అంతవరకు బాగానే ఉంది. తరువాత, "అన్నీ చెరిపేయండి, ఎవరితో అనవద్దు, రేపు పెండ్లి కావలసిన పిల్ల" అన్నాను. అవ్వ సిమ్ము కార్డు తీసి కాలువలో పారేసింది. నెల తిరగకముందే ఆ ఫోటోలు పాప మేనమామ ఫోనుకు వచ్చాయి.

2 సమూయేలు 13వ అధ్యాయములో తామారును నోరు మెదపవద్దన్నది అన్న అబ్షాలోము. ఆ భాగము మీద ఎన్నోసార్లు ప్రసంగించిన నేనే అబ్షాలోము మాట మాట్లాడాను.

ఆ దినాలలోనే సునీతా కృష్ణన్ గారిని గురించి చదివాను. కేథలిక్ సహోదరుడు జోస్ వెట్టికాటిల్‌తో కలిసి 1996లో హైదరాబాదులో ప్రజ్వల సంస్థను స్థాపించిన స్త్రీ ఆమె. 15 ఏళ్ల వయసులో తనకు జరిగిన ఘోరాన్ని దాచుకోలేదు. 2015 ఫిబ్రవరిలో, అత్యాచార దృశ్యాలు ఫోన్లలో తిరుగుతున్నాయని సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికే ఉత్తరము రాసి, వీడియోలు జతచేశారు. కోర్టు దానినే కేసుగా స్వీకరించింది. ఆ కేసు మూలంగానే 2018లో కేంద్ర ప్రభుత్వము ఇంటర్నెట్టులో ఫిర్యాదు చేసే ఏర్పాటు తెచ్చింది. పిల్లల విషయములో పేరు చెప్పకుండానే అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. నేనా సలహా ఇచ్చేనాటికే అది ఉంది!

పాప తండ్రి గుంటూరు నుండి రాత్రికి రాత్రే వచ్చాడు. ముగ్గురము పోలీసుల దగ్గరకు వెళ్లాము. బెదిరింపు మాటలు చూపమంటే మా దగ్గర ఏముంది? నేనే చెరిపించానుగదా. మేనమామ ఫోనులో మిగిలినదే సాక్ష్యమైంది. 2012 పోక్సో చట్టము ప్రకారము, పిల్లలపై ఇటువంటి నేరము తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని కూడా అప్పుడే తెలిసింది. కాపరికి మినహాయింపు లేదు.

ఇప్పుడు వలస పోయేముందు తల్లిదండ్రులను మందిరములో కూర్చోబెడుతున్నాను. పిల్లల సహాయానికి 1098, సైబరు నేరాలకు 1930 అని గోడమీద రాయించాను. బెదిరింపులను చెరపవద్దనీ, ఫోటోలను రుజువుకని కూడా బంధువులకు పంపవద్దనీ చెబుతున్నాను. అన్నిటికంటే ముందు, బిడ్డ చెప్పినప్పుడు ఫోను లాక్కొని కొట్టవద్దని బ్రతిమాలుతున్నాను. కొడితే రెండోసారి చెప్పదు.

ఆ పాప ఇప్పుడు ఇంటరు చదువుతోంది. ఆదివారము వెనుక వరుసలో కూర్చుంటుంది. నన్ను చూచి నవ్వుతుంది గాని, మునుపటివలె దగ్గరకు రాదు.